అకామా

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతపు పల్లెలలోను, గోదావరి దాటిన పిమ్మట నిర్మల్, ఖానాపూర్, లక్ష్మణచాంద పరిసరములలోను ఒక మాట తరచుగా వినవచ్చును. గడపలో కూర్చుండి బీడీలు చుట్టుచున్న ఇల్లాలు, పరదేశమందున్న పెనిమిటికి ఫోను కలిసినంతనే అడుగు ప్రశ్న, “అకామ అయిందా?” అనునది. ఒంటి బాగోగులు తరువాత. జీతము సంగతి ఆ తరువాత. ఇది ఆమె కఠినురాలగుటచేత కాదు. అకామా గడువు తీరినచో సరియైన వైద్యము దొరకదనియు, బ్యాంకులో ఖాతా నిలిచిపోవుననియు, పంపవలసిన సొమ్ము పంపుటకు దారి మూసికొని పోవుననియు ఆమెకు తెలియును. తక్కిన ప్రశ్నలన్నియు ఆ ఒక్క ప్రశ్నలోనే ఇమిడియున్నవి.

అరబ్బీలో ఈ మాట ‘ఇఖామా’. నిలుచుట అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. మసీదులో నమాజు మొదలగుటకు ముందు చెప్పెడి రెండవ పిలుపునకును ఇదే పేరు. సౌదీ అరేబియా రాజ్యమున పరదేశి నిలిచియుండుటకు ప్రభుత్వమిచ్చు అనుమతిపత్రము అకామా. ఎమిరేట్సులో కూలికి పోయినవారు తమ పనిచీటిని ‘పతాకా’ అందురు. అది ‘బితాఖా’కు వచ్చిన రూపాంతరము, దాని అర్థము చీటి అనియే. కరీంనగరపు నోటిలో పడి ఈ మాటలు తెలుగు విభక్తులు తగిలించుకొని తెలుగుమాటలే అయిపోయినవి.

వీటన్నిటికంటె బరువైన మాట ‘కఫీల్’. జామీను నిలిచినవాడని దాని అర్థము. అప్పు తీసికొనువానికి, చెరసాలనుండి బయటికి వచ్చువానికి జామీను కావలెనని మన పల్లెలలో అందరికిని తెలియును. కాని ఒళ్లు వంచి పనిచేయుటకు వచ్చినవానికి జామీను ఎందులకు? గల్ఫు రాజ్యములలో పరదేశి కూలి, ప్రభుత్వము దృష్టిలో, తనంతట తాను వచ్చినవాడు కాడు. ఒక యజమాని రప్పించగా వచ్చినవాడు. కనుక అతని రాకకు, ఉనికికి, పోకకు ఆ యజమానియే పూచీ. పూచీ ఎవనిదో అధికారము వానిదే యగుట లోకరీతి. పేరు కూలివానిది, ఛాయాచిత్రము కూలివానిది, దానికై పల్లెలో చేసిన అప్పు కూలివానిది; ఆ చీటిని బ్రతికించు కలము మాత్రము వేరొకనిది. ఈ ఒక్క సంగతి గ్రహించినచో ఉత్తర తెలంగాణపు గల్ఫు కథలోని సగము దుఃఖమునకు మూలము తెలిసినట్లే.

నివాసపు చీటి ఈ నేలకు కొత్తది కాదు. నిజాము రాజ్యమున 1919లో వెలువడిన ఫర్మానా ప్రకారము సర్కారు కొలువునకు ముల్కీ అయియుండవలెను. ముల్క్ అనగా దేశము; అదియు అరబ్బీ మాటయే. రాజ్యమున పుట్టినవాడు ముల్కీ. వెలుపలినుండి వచ్చినవాడు 15 సంవత్సరములు ఇచట కాపురముండి, స్వస్థలమునకు తిరిగి పోవు తలంపు మానుకొంటినని ప్రమాణపత్రము వ్రాసియిచ్చినచో అతడును ముల్కీ కాగలడు. ఈ చీటిని గూర్చి 1952లో విద్యార్థులు వీధులకెక్కిరి. 1969 ఉద్యమమునకును ఇదియే మొదటి నిప్పురవ్వ. 1972లో సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పుచెప్పగా, 1973లో పార్లమెంటు వానిని రద్దుచేసినది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు తరువాత విద్యార్థి యొక్క స్థానికతను బడిలో చదివిన సంవత్సరములనుబట్టి నిర్ణయించుట ఆచారమైనది. ప్రధానోపాధ్యాయులు సంతకము చేయు బోనఫైడు సర్టిఫికేటు ఒక విధముగా ఆ పాత ముల్కీ చీటికి మనుమడే.

ముల్కీ నిబంధన కఠినమైనదే కావచ్చును. అయినను దానికొక వాకిలి ఉండెను: పదునైదేండ్లు ఓపిక పట్టినవానిని ఈ నేల తనవానిగా వ్రాసికొనెడిది. అకామాకు అట్టి వాకిలి కూలివానికి ఆచరణలో లేదు. రియాదులో ముప్పది యేండ్లు ఇటుకలు మోసినవాడును ముప్పదియవ ఏట మొదటి యేటి మనిషియే.

పూర్వము ఈ ప్రాంతమునుండి వలసపోయినవారిని ఏ చీటియు అడిగినవారు లేరు. సిరిసిల్ల పద్మశాలీలు షోలాపూరు, భీవండీ మగ్గములకు పోయిరి. బొంబాయి నగరమున కట్టడపు పనులు చేసిన తెలంగాణపు కామాటీల పేరనే అచట కామాఠిపురా వెలసినది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత దేశమందెచటనైనను సంచరించుటకు, నివసించుటకు రాజ్యాంగపు 19వ అధికరణమే హక్కు కల్పించినది. నేడు కరీంనగర్, పెద్దపల్లి జిల్లాల రైసుమిల్లులలో బస్తాలు మోయుచున్న బీహారు హమాలీలు ఆ హక్కుతోనే వచ్చినవారు. జగిత్యాల కూలి రియాదునకు పోగా, బీహారు కూలి జగిత్యాల ప్రాంతమునకు వచ్చుచున్నాడు. ఇద్దరిదియు ఆకలి ప్రయాణమే. ఒకనికి ఊరి కట్టుబాట్లు తప్ప అడ్డులేదు. రెండవవానికి అడుగడుగునకు చీటి.

1973లో చమురు ధర కొన్ని నెలలలోనే ఇంచుమించు నాలుగు రెట్లు పెరిగినది. ఎడారిలో నగరములు లేవనెత్తుటకు అరబ్బు రాజ్యములకు చేతులు కావలసివచ్చెను. బావులెండి, బోర్లు విఫలమై, అప్పులపాలైన రైతుబిడ్డలు ఆ దశాబ్దమునుండియే ఆ పిలుపు విన్నారు. మొదటి తరమువారు బొంబాయి పోయి, ఏజెంట్ల గదులలో నెలల తరబడి నిరీక్షించి విమానమెక్కెడివారు. ఇప్పుడు శంషాబాదునుండియే ఎక్కుచున్నారు. దారి దగ్గరయైనది గాని చీటి దగ్గర కాలేదు.

ఆ చీటి పుట్టుక ఇట్టిది. అచటి యజమాని తనకు ఇంతమంది తాపీ మేస్త్రీలు, ఇంతమంది డ్రైవర్లు కావలెనని కార్మికశాఖకు దరఖాస్తు పెట్టుకొని వీసాలు సంపాదించును. వృత్తి పేరు వీసాలోనే ఉండును. అదియే అకామాలోనికి వచ్చును. ఆ వీసాలు మన దేశపు ఏజెంటునకు చేరును. వైద్యపరీక్ష, వీసా ముద్ర, ప్రయాణము అయిన పిమ్మట, దేశములో కాలుమోపిన 90 దినములలోపల యజమాని అకామా తీయించవలెను. చట్టము ప్రకారము ఆ ఖర్చు యజమానిదే. మన దేశమున రిజిస్టరైన ఏజెంటు కూలివానినుండి తీసికొనదగిన రుసుమునకు 30,000 రూపాయలు, దానిపై పన్ను మాత్రమే పరిమితి. ఊళ్లలో చేతులు మారుచున్న సొమ్ము దానికి ఎన్నో రెట్లు. నూటికి నెలకు రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన ఆ సొమ్ము, అకామా చేతికి రాకమునుపే పెరుగుట మొదలిడును.

ఇచట ఉపాధ్యాయులకు సంబంధించిన విషయమొకటి కలదు. 1983 నాటి ఎమిగ్రేషను చట్టము ప్రకారము, పదవ తరగతి గట్టెక్కనివాని పాస్‌పోర్టుపై ‘ఎమిగ్రేషను తనిఖీ అవసరము’ అను గుర్తు పడును. అట్టివాడు గల్ఫు రాజ్యములతో సహా 18 దేశములకు పనికి పోవలెనన్న, ప్రవాసుల సంరక్షణాధికారి అనుమతి పొందవలెను. ఒడంబడికలో జీతమెంత, యజమాని యెవరు, భీమా ఉన్నదా యని ఆ కార్యాలయము చూడవలెను. చదువురానివానిని మోసమునుండి కాపాడుట దీని ఉద్దేశము. పది ప్యాసైనవానికి ఈ తనిఖీ లేదు. అతడు తనను తాను కాపాడుకొనగలడని చట్టము భావించినది. పదవ తరగతి మార్కుల మెమో ఒక విధముగా ప్రభుత్వము చేయి విడిచిపెట్టు చీటియని ఎందరు విద్యార్థులు ఎరుగుదురు? పది చదివినంతమాత్రమున అరబ్బీలో వ్రాసిన ఒడంబడిక చదువగలమా? తనిఖీ తప్పినందుకు సంతోషించి, చదవని కాగితముపై సంతకము చేసి పోయినవారు ఎందరో ఉన్నారు. తనిఖీ కావలసినవారిలోనో, విజిట్ వీసాపై చుట్టపుచూపుగా పోవుచున్నట్లు చూపించి ఆ కార్యాలయమునే తప్పించుకొని పోవువారు ఉన్నారు. చుట్టపువానికి పనిచేయు హక్కు లేదు. విమానము దిగిన కొలది దినములకే అట్టివాడు చట్టమునకు వెలియగును.

మరియొక మార్గము ‘ఆజాద్ వీసా’. ఆజాద్ అనగా స్వతంత్రము. చట్టములో అట్టి వీసా ఏదియు లేదు. ఒక కఫీల్ తన పేరిట వీసా తీసి అమ్ముకొనును. కొన్నవాడు కాగితముపై వాని పనివాడు, నిజమునకు బజారులో దొరికిన పని చేసికొనువాడు. అకామా పొడిగించినప్పుడెల్ల కఫీలునకు ముడుపు చెల్లించవలెను. సౌదీలో అకామా రుసుము సాలుకు 650 రియాళ్లు. 2018లో పరదేశి కూలీలపై నెలసరి సుంకము పెంచుట మొదలిడి, 2020 నాటికి మనిషికి 700 లేక 800 రియాళ్లు చేసినారు. ఇది యజమాని కట్టవలసినది. ఆజాద్ వీసావానికి యజమాని లేడు, కాగితముపై తప్ప. కాబట్టి పెద్ద సంస్థ కట్టవలసినది తాపీ కూలి కట్టుకొనును. ఒక కఫీల్ కింద పేరుండి మరియొకచోట పనిచేయుట నేరము కనుక, పట్టుబడినచో జరిమానా, చెర, దేశబహిష్కారము. స్వతంత్రమను పేరిట ఇంతటి పరాధీనతను అమ్మినవాని నేర్పును మెచ్చుకొనవలసినదే!

జీతమీయనందున, ఒప్పుకొన్న పని కాక గొఱ్ఱెలు కాయుటకు ఎడారిలో వదలినందున, యజమానిని విడిచిపోయినవాని కథ వేరు. యజమాని ఆ వార్త ప్రభుత్వమునకు తెలిపినచో దానిని ‘హురూబ్’ అందురు. పారిపోవుట అని యర్థము. కంప్యూటరులో ఆ ఒక్క మాట ఎక్కినంతనే అకామా చచ్చినట్లే. అప్పటినుండి ఆ మనిషి, తోటివారి మాటలలో, ‘ఖల్లివల్లి’. పోనిమ్ము, వదలివేయుము అని అరబ్బీలో దాని భావము. ఒక దేశపు లెక్కనుండి జారిపోయినవానికి ఇంతకంటె తగిన పేరు లేదేమో. ఖల్లివల్లియైనవానికి పని దొరకక పోదు. జీతము ఎక్కువయును కావచ్చును. కాని జ్వరము వచ్చినచో ఆసుపత్రి లేదు, దెబ్బలు తిన్నచో ఫిర్యాదు లేదు, తండ్రి చనిపోయినాడని కబురు వచ్చినను కదలుటకు లేదు. సౌదీనుండి శాశ్వతముగా వెడలిపోవుటకు ‘ఫైనల్ ఎగ్జిట్’ ముద్ర కావలెను. ఆ ముద్రకు బ్రతికియున్న అకామా కావలెను. ఉండుటకే కాదు, పోవుటకును అనుమతి కావలసివచ్చుట ఈ పద్ధతిలోని విపరీతము.

ఇట్టివారికి అప్పుడప్పుడు తెరచుకొను కిటికీ క్షమాభిక్ష. ఎమిరేట్సు ప్రభుత్వము 2007లోను, 2018లోను, మరల 2024 సెప్టెంబరు నుండి డిసెంబరు వరకును జరిమానాలు మాఫీచేసి పోనిచ్చినది. కువైటు 2018లోను, 2024లోను అట్లే చేసినది. సౌదీలో 2011లో ‘నితాఖత్’ అను స్థానికుల కొలువుల విధానము వచ్చినది. 2013లో అకామా సరిచేసికొనుటకో, వెడలిపోవుటకో గడువిచ్చి, మొదట జూలై 3 వరకని, పిదప నవంబరు 3 వరకని పొడిగించినారు. ఆ నెలలలో లక్షకు మించిన భారతీయులు స్వదేశము చేరిరి. పాస్‌పోర్టు కఫీలువద్దనే చిక్కిపోయినవారికి మన రాయబార కార్యాలయము ‘ఔట్‌పాస్’ అను తాత్కాలిక పత్రమిచ్చును. పాస్‌పోర్టు దాచిపెట్టుట అచటి చట్టమునకును విరుద్ధమే. అయినను దాచుట మానలేదు. ఔట్‌పాస్‌తో శంషాబాదులో దిగినవాడు చేతిసంచితో దిగును. ఇంటివద్ద అప్పు అట్లే ఉండును. క్షమాభిక్ష అను మాటయే తలచదగినది: తప్పు చేసినవానికి క్షమ, తక్కువవానికి భిక్ష. జీతమెగవేసినవాడు ఏ క్షమనూ అడుగలేదు.

పద్ధతి మారలేదనుట న్యాయము కాదు. కతారు 2020లో యజమాని సమ్మతి లేకయే కొలువు మారుటకు అవకాశమిచ్చినది. సౌదీ 2021 మార్చినుండి, యేడాది పని చేసినవాడు గడువునకు ముందు తెలియజేసి యజమాని మారవచ్చునని, పోకరాకల అనుమతిని తానే కంప్యూటరులో కోరవచ్చునని నిర్ణయించినది. ఇవి చిన్న మార్పులు కావు. కాని ఆ సౌదీ ఏర్పాటు ఇంటిపనివారికి, సొంత డ్రైవర్లకు, తోటమాలులకు, కాపలావారికి, గొఱ్ఱెల కాపరులకు వర్తించదని దానిలోనే వ్రాసినారు. కరీంనగర్, ఆదిలాబాదు పల్లెలనుండి చదువులేక పోయినవాడు తరచుగా చేరునది ఆ పనులలోనే.

అకామాకు కాలము కూడ మన కాలము కాదు. సౌదీలో దాని గడువును హిజ్రీ సంవత్సరముతో లెక్కించుట ఆచారమై యుండెను. చాంద్రమానపు సంవత్సరము 354 లేక 355 దినములు. మన కేలండరుకంటె ఇంచుమించు 11 దినములు కురుచ. అధికమాసము కూడ లేదు కనుక, గడువు ఏటేటను ముందునకు జరుగును. 33 సంవత్సరములు కొలువు చేసినవాడు 34 అకామాల రుసుము చెల్లించినవాడగును. గణితోపాధ్యాయులు తరగతిలో వేయదగిన లెక్క ఇది. కొన్ని ఊళ్లలో బాకీలతోబాటు ఈ లెక్కయును వేసి చూపుమని బడిపంతులుగారినే ఆశ్రయించుట వాడుక. 2015లో అకామా కార్డు అయిదేండ్లది అయినది. సాలుసరి పొడిగింపు మాత్రము కంప్యూటరులోనే జరుగును. దానితో చిక్కు ఇంకను సూక్ష్మమైనది: చేతిలో కార్డు నిగనిగలాడుచుండును, లోపల అకామా తీరిపోయియుండును. యజమాని కట్టినాడో లేదో చేతిలోని చీటి చెప్పదు. ప్రభుత్వపు వెబ్‌సైటులో సంఖ్య నమోదుచేసి చూచుకొనుటయే మార్గము.

పరదేశమున ప్రాణము పోయినప్పుడు ఈ కాగితములన్నియు మరల మొదటినుండి బయలుదేరును. పోలీసు నివేదిక, వైద్యుని పత్రము, రాయబార కార్యాలయపు పత్రము, యజమాని సమ్మతి, అకామా రద్దు, చివరకు దేహమునకును ఎగ్జిట్. అకామా సరిగా ఉన్నవాని దేహము దినములలో వచ్చును. ఖల్లివల్లియైనవానిది వారములు, నెలలు పట్టును. తనిఖీద్వారా పోయినవానికి ప్రవాసీ భారతీయ భీమా కలదు. రెండేండ్లకు 275 రూపాయలు, మూడేండ్లకు 375 రూపాయలు మాత్రమే. ప్రమాదమున మరణించినచో 10 లక్షలు. నిద్రలో గుండె ఆగి పోయినవానికి ఆ సొమ్ము రాదు. తెలంగాణ ప్రభుత్వము 2024 సెప్టెంబరులో గల్ఫు మృతుల కుటుంబములకు 5 లక్షల రూపాయల సహాయము ఏర్పాటుచేసినది. దానికిని దరఖాస్తు, దరఖాస్తునకు జతపరచవలసిన కాగితములు ఉండనే ఉన్నవి.

అందుకే ఆ పల్లెలలో అనుభవముగల ఇల్లాండ్రు, పెనిమిటి పంపిన అకామా ఛాయాప్రతిని పట్టాదారు పాసుపుస్తకముతోబాటు ట్రంకుపెట్టెలో దాచియుంచుదురు. ఏ ఆపద వచ్చినను అధికారి మొట్టమొదట అడుగునది దానిమీది సంఖ్యనే. అది పది అంకెల సంఖ్య. పరదేశి అగుటచేత మొదటి అంకె ఎప్పుడును 2. కాగితము చిరిగిపోవచ్చును, ఫోను చెడిపోవచ్చును అని కొందరు తల్లులు దానిని పిల్లలచేత వల్లెవేయింతురు. పదియవ ఎక్కము దాటని పిల్లవానికిని ఆ సంఖ్య తడబడకుండ నోటికి వచ్చును.